వార్డు నడిపేవాళ్లకు నా పుస్తకాల సంచి

హోస్ట్: నమస్తే, హనుమకొండ నుంచి మన పాడ్‌కాస్ట్‌కు స్వాగతం. ఇవాళ మనతో ఉన్న అక్క వరంగల్‌లో ఒక పెద్దాసుపత్రిలో నర్సింగ్ సూపరింటెండెంట్‌గా చేసి రిటైరయ్యారు. పదిమందిని నడిపేవాళ్లు టెన్షన్ తట్టుకోవడానికి ఏం చదవాలో అడుగుదాం. అక్కా, మైండ్‌ఫుల్‌నెస్ అంటే చేస్తున్న పని మీదే ధ్యాస పెట్టడం అంటారు, కాని ఆ మాట వినగానే నాకు అగరుబత్తి, ఫ్లూట్ మ్యూజిక్కే గుర్తొస్తాయి.

అక్క: (నవ్వు) నా డ్యూటీలో ఫ్లూట్ ఎక్కడిది తమ్మీ! పొద్దున పోయేసరికి ఇద్దరు సిస్టర్లు లీవు. డ్యూటీ చార్ట్ మళ్లీ వేయాలి. డోర్ దగ్గర పేషెంటు తాలూకు వాళ్ల గొడవ. అందుకే నేను ముందు చెప్పేది వియత్నాం బౌద్ధ సన్యాసి తిక్ నాట్ హాన్ రాసిన 'ది మిరకిల్ ఆఫ్ మైండ్‌ఫుల్‌నెస్'. అది మొదట ఒక పొడుగాటి ఉత్తరం. 1974లో ఆయన ఫ్రాన్స్‌లో ఉన్నారు, వియత్నాంలో యుద్ధం నడుస్తోంది. అక్కడ ఊళ్లల్లో సేవ చేసే యువకుల సంస్థలో ఒక ముఖ్య కార్యకర్తకు రాశారు.

హోస్ట్: అంటే పని వదిలేసి కళ్లు మూసుకోమని కాదన్నమాట.

అక్క: కాదు. అందులో జిమ్ అని ఒకాయన కమలాపండు తింటూ ముందుముందు ఏం చేయాలో మాట్లాడుతుంటాడు. నోట్లో తొన నమలకముందే ఇంకోటి వలుస్తాడు. ముందు నోట్లో ఉన్నది తినవయ్యా అంటారు ఈయన. నా లంచ్ బాక్స్ యాదికొచ్చింది. ఒక చెవిలో ఫోన్, కూర ఏందో కూడా తెలియకపోయేది.

హోస్ట్: మరి డ్యూటీలో దీన్ని ఎట్లా వాడారు?

అక్క: చేతులు కడిగేటప్పుడు. సబ్బుతో కడగడానికి 40 నుంచి 60 సెకన్లు పట్టాలని డబ్ల్యూహెచ్‌ఓ చెప్తుంది. ఆ టైమంతా మేం మనసులో డ్యూటీలు సర్దుకుంటూ ఉంటాం. నేనేమో వేళ్ల సందులు, గోళ్లు, నీళ్ల చల్లదనం మీదనే ఉండేదాన్ని. గంతే. డోర్ దగ్గర గొడవ ఏమీ తగ్గదు, కాని ఆ తర్వాత నేను వాళ్లతో మాట్లాడే గొంతు వేరేగా ఉండేది.

హోస్ట్: ఇంకాస్త పెద్ద పుస్తకం కావాలంటే?

అక్క: జాన్ కబాట్-జిన్ 'ఫుల్ కాటాస్ట్రఫీ లివింగ్', 1990లో వచ్చింది. ఆయన 1979లో అమెరికాలో మసాచుసెట్స్ యూనివర్సిటీ మెడికల్ స్కూల్‌లో స్ట్రెస్ క్లినిక్ పెట్టారు. ఎనిమిది వారాల కోర్సు. తగ్గని నొప్పులతో డాక్టర్లు పంపిన పేషెంట్లు వచ్చేవాళ్లు. దిండంత లావు పుస్తకం తమ్మీ, మొత్తం చదవాలని పట్టుబట్టొద్దు. పడుకుని కాలి వేళ్ల నుంచి తల దాకా ఒళ్లంతా గమనించుకునే బాడీ స్కాన్ ఉంది, అది నేర్చుకుంటే చాలు. నైట్ డ్యూటీ దిగినాక బాగా పనికొస్తుంది.

హోస్ట్: ఆఫీసుల్లో అందరూ గూగుల్ ఇంజనీర్ రాసిన 'సెర్చ్ ఇన్‌సైడ్ యువర్‌సెల్ఫ్' చదవమంటున్నారు.

అక్క: చాడ్-మెంగ్ టాన్‌ది. జోకులు బాగుంటాయి, ఐటీ పిల్లలకు నచ్చుతుంది. నాకైతే సగం దాకా వచ్చేసరికి ప్రమోషన్ కోసం ధ్యానమా అనిపించింది. దానికన్నా మార్కస్ అరేలియస్ 'మెడిటేషన్స్' నయం. 161 నుంచి 180 దాకా రోమ్‌ను ఏలిన చక్రవర్తి తనకోసం రాసుకున్న నోట్సు, కొంత యుద్ధ శిబిరాల్లో రాసిందే. ఇవాళ విశ్వాసం లేనివాళ్లు, పొగరుబోతులు తగుల్తారని పొద్దున్నే తనకు తాను చెప్పుకుంటాడు. ఎమర్జెన్సీ వార్డు చూడకుండానే ఎట్లా రాశాడో!

హోస్ట్: (నవ్వు) ఇవన్నీ బయటివే కదా, మన దగ్గర ఏం లేవా?

అక్క: ఎక్కడి బయట? పెద్దపల్లి జిల్లా ధూళికట్టలో బౌద్ధ స్తూపం లేదా? శ్వాసను, ఒంటిని గమనించమని చెప్పే సతిపట్ఠాన సుత్తం బుద్ధుడి పేరుతో వచ్చిందే. తిక్ నాట్ హాన్ పుస్తకం చివర్లో అది కూడా ఉంది.

హోస్ట్: ఈ పుస్తకాలు స్టాఫ్‌కు గిఫ్ట్ ఇవ్వొచ్చా?

అక్క: ఇవ్వండి, కాని ఇద్దరి పని ఒక్కరి మీద వేసి చేతిలో పుస్తకం పెడితే వాళ్లకు ఒళ్లు మండుతుంది. ముందు చార్ట్ సర్దాలి. ఇంకో మాట. వారాల తరబడి నిద్ర లేదు, ఏడుపు ఆగట్లేదు అంటే పుస్తకం పక్కన పెట్టి డాక్టర్ దగ్గరికి పోవాలి. మనసు బాగాలేనివాళ్ల కోసం సర్కారు పెట్టిన హెల్ప్‌లైన్ టెలి-మానస్ నంబర్ 14416 ఉంది, రాత్రి కూడా ఎత్తుతారు, పైసలు పడవు. తెలుగులోనే మాట్లాడొచ్చు.

హోస్ట్: నంబర్ ఇంకోసారి చెప్పండి అక్కా, బండి మీద పోతూ వింటున్నవాళ్లుంటారు.

అక్క: ఒకటి, నాలుగు, నాలుగు, ఒకటి, ఆరు. బండి ఆపినాకే రాసుకోండి.