లీకు ప్యాచ్ చిన్నదే, రివ్యూ చిన్నది కాదు

అందరికీ నమస్కారం.

మెమరీ లీకు (ప్రోగ్రామ్ తీసుకున్న మెమరీని తిరిగి ఇవ్వకపోవడం) సరిచేశామంటూ వచ్చే ప్యాచ్, అంటే కోడ్ మార్పు, సాధారణంగా ఒకటి రెండు లైన్లే ఉంటుంది. ఎక్కడో ఒక ఫ్రీ, అంటే మెమరీని వదిలేసే పిలుపు, చేరుస్తారు. చూడగానే ఓకే కొట్టేయాలనిపిస్తుంది. నాకు టెన్షన్ మొదలయ్యేది అక్కడే. లీకు వల్ల ప్రోగ్రామ్ మెల్లగా ఉబ్బి ఎప్పటికో పడిపోతుంది. ఇంకా వాడుకలో ఉన్న మెమరీని ఫ్రీ చేస్తే మాత్రం డేటా పాడవుతుంది, సిస్టమ్‌లోకి చొరబడటానికి దారి కూడా దొరకవచ్చు. జబ్బు కంటే మందే ప్రమాదం అన్నమాట.

అందుకే నేను ముందు అడిగేది, ఈ మెమరీ ఇప్పుడు ఎవరి బాధ్యత అని. డిఫ్‌లో, అంటే మారిన లైన్లు చూపే జాబితాలో, మార్పుకు పైన మూడు, కింద మూడు లైన్లు కనిపిస్తాయి. జవాబు అక్కడ ఉండదు. ఆ మెమరీ చిరునామా ఉన్న పాయింటర్‌ని అంతకుముందే ఏదైనా లిస్టులో చేర్చారా, వేరే ఫంక్షన్‌కి అప్పగించారా అన్నది ఫైలు మొత్తం తెరిస్తేనే తెలుస్తుంది.

లినక్స్ కెర్నెల్‌లో, అంటే ఆ ఆపరేటింగ్ సిస్టమ్ గుండెకాయలో, డివైస్‌ని నమోదు చేసే డివైస్ రిజిస్టర్ ఫంక్షన్‌నే చూడండి. అది విఫలమైతే కెర్నెల్‌లోని ఫ్రీ అయిన కేఫ్రీతో వదిలించుకోవాలని ఎవరికైనా అనిపిస్తుంది. కానీ విఫలమైనా, ఆ డివైస్‌ని ఎన్ని చోట్ల వాడుతున్నారో చూసే రిఫరెన్స్ లెక్క అప్పటికే మొదలై ఉంటుంది. కాబట్టి ఆ లెక్క తగ్గించే పుట్ డివైస్ పిలవాలి. నేరుగా కేఫ్రీ చేస్తే డివైస్ పేరు కోసం కేటాయించిన మెమరీ లీకవుతుంది. పోనీ రెండూ పిలుద్దామా? లెక్క సున్నా కాగానే నడిచే రిలీజ్ ఫంక్షన్ అప్పటికే వదిలేసిన దాన్ని మళ్లీ వదిలినట్టవుతుంది. ప్యాచ్ చూస్తే మాత్రం రెండూ సబబుగానే కనిపిస్తాయి!

మెమరీ తప్పులు పట్టే టూల్ వాల్‌గ్రైండ్‌లో శుభ్రంగా ఉందని రాస్తే నేను సంతోషిస్తాను, కానీ నమ్మేయను. అది ప్రోగ్రామ్ నడిచిన దారినే చూస్తుంది. లీకులు ఎక్కువగా దాక్కునేది ఎర్రర్ దారుల్లో. కేటాయింపు కావాలనే విఫలమయ్యేలా చేసి పరీక్షించారా అని అడగండి. కెర్నెల్‌లో అందుకు ఫెయిల్‌స్లాబ్ అనే సదుపాయం ఉంది. ప్రోగ్రామ్ ముగిసేటప్పుడు మిగిలే మెమరీ గురించి మాత్రం గొడవ పడకండి, దాన్ని ఆపరేటింగ్ సిస్టమే తీసేసుకుంటుంది.

పాత వెర్షన్లకు పంపే ప్యాచ్ అయితే ఇంకో మెలిక ఉంది. ఆ వెర్షన్ కోడ్ శాఖలో (బ్రాంచ్‌లో) రిలీజ్ ఫంక్షన్ వేరేగా ఉండొచ్చు, ఇక్కడ సరైన ఫ్రీ అక్కడ రెండో ఫ్రీ కావచ్చు. ఏ శాఖలో నడిపి చూశారో రాయమని అడగండి.