డిక్కీ ప్యానెల్స్ మళ్ళీ ఎందుకు ఉబ్బుతాయి?

వ్యాఖ్యాత: హలో, ఎవరండీ మాట్లాడుతున్నది?

మొదటి శ్రోత: నమస్కారమండీ. పాత కార్ల గురించి సార్‌ని ఒక మాట అడగాలి.

వ్యాఖ్యాత: అడగండి. ముందు మీ పక్కనున్న రేడియో సౌండ్ తగ్గించండి, మీ మాట మీకే తిరిగొస్తోంది. ఆఁ, ఇప్పుడు చెప్పండి.

మొదటి శ్రోత: సార్, మా నాన్నగారి కారు. మెర్సిడెస్ డబ్ల్యూ 123, 1980 మోడల్. డిక్కీలో పక్కల ఉండే అట్ట ప్యానెల్స్ పాడైతే కొత్త సెట్ తెప్పించి బిగించాను. ఒక్క వానాకాలం గడిచిందో లేదో మళ్ళీ ఉబ్బాయి. ఇప్పుడు రెండో సెట్ వచ్చింది. ఈసారి క్లిప్పులు వద్దు, స్క్రూలతో గట్టిగా బిగించేద్దామనుకుంటున్నా.

మెకానిక్: రెండో సెట్టా! స్క్రూల సంగతి తర్వాత మాట్లాడదాం బాబూ. ఉబ్బిన ప్యానెల్స్ పారేశారా, ఉన్నాయా?

మొదటి శ్రోత: షెడ్డులో ఉన్నాయండీ. పారేద్దామనే అనుకుంటున్నా.

మెకానిక్: పారేయకండి. ప్యానెల్ వెనక్కి తిప్పి చూడండి. నీళ్ళు ఆరినచోట గోధుమరంగు చారలుంటాయి. ఆ చార ఎక్కడ మొదలైంది, పై నుంచా, కింద అంచు దగ్గరా?

మొదటి శ్రోత: ఎడమవైపు దానికైతే వెనక లైటు పక్క నుంచి కిందికి ఉందండీ. కింద అంచు పొరలు పొరలుగా విచ్చుకుంది.

మెకానిక్: అయితే సగం జవాబు మీరే చెప్పేశారు. ఎక్కువ అనుమానం లైటు వెనకాల ఉండే రబ్బరు గాస్కెట్ మీదే. నలభై ఏళ్ళు దాటిన రబ్బరు గట్టిపడి కుంచించుకుపోయి ఉంటుంది. అయినా అదొక్కటే అనుకుని వదిలేయొద్దు. డిక్కీ మూత చుట్టూ ఉన్న బీడింగ్, వెనక అద్దం రబ్బరు, రేకులు అతికిన జాయింట్లు, అన్నీ చూడాలి.

వ్యాఖ్యాత: ఎలా చూడాలి సార్, ఇంట్లోనే చూసుకోవచ్చా?

మెకానిక్: ఇంట్లోనే చూసుకోవచ్చు. బీడింగ్‌కి కాగితం ముక్క చాలు. రబ్బరుకీ మూతకీ మధ్య పెట్టి మూసి, లాగి చూడండి. పట్టుకుంటే మంచిదే. సులువుగా జారి వచ్చిందంటే అక్కడ నొక్కుడు లేనట్టు. ఇలా చుట్టూ చూసుకుంటూ రావాలి. తర్వాత నీళ్ళు. ప్యానెల్స్ అన్నీ తీసేసి, లోపల రేకు మీద సుద్దపొడి పల్చగా చల్లండి. మూత వేసి బయట పైపుతో నెమ్మదిగా నీళ్ళు పోయండి. ఎప్పుడూ కింది నుంచి పైకి వెళ్ళాలి. ముందు లైట్ల దగ్గర, ఆ తర్వాత బీడింగ్, చివర్న అద్దం. పై నుంచి మొదలెడితే కారంతా తడిసిపోయి ఏది ఎక్కడిదో తెలీదు. ప్రతిచోటా కాసేపు పోసి, ఆపి, మూత తీసి చూడండి. సుద్ద మీద గీతలాగా దారి కనబడుతుంది. కొందరు మనిషిని లోపల కూర్చోబెట్టి మూత వేస్తారు. అది మాత్రం చేయకండి.

మొదటి శ్రోత: దొరికాక ఏం చేయాలి సార్?

మెకానిక్: గాస్కెట్ మార్చాలి. రేకు మీద తుప్పుంటే వైర్ బ్రష్‌తో రుద్ది, ప్రైమర్, పెయింటు. అడుగున నీళ్ళు పోయే తూములుంటాయి కదా, వాటిని శుభ్రం చేయాలి. వాటి మీద ఏదీ అతికించకూడదు, ఎందుకంటే ఎప్పటికైనా కాస్త నీరు వస్తుంది. అదంతా ఆరాకే కొత్త ప్యానెల్.

మొదటి శ్రోత: మరి కొత్త ప్యానెల్ రంధ్రాలు రేకు మీది రంధ్రాలకి సరిపోవడం లేదు. అందుకే స్క్రూలు అనుకున్నా.

మెకానిక్: కొత్తగా చేసి అమ్మేవాటిలో తేడాలు మామూలే. పాతదాన్ని మీద పెట్టి పోల్చి చూడండి. అది ఉబ్బినా రంధ్రాల వరస తెలుస్తుంది. ఇంకా అనుమానముంటే, క్లిప్పు తలకి సుద్దో లిప్‌స్టిక్కో రాసి రేకు రంధ్రంలో పెట్టి, ప్యానెల్‌ని దాని చోట ఆనించి నొక్కండి. వెనకాల మచ్చ పడుతుంది. ఆ మచ్చ మీదే ప్యానెల్‌కి రంధ్రం చేసుకోండి. రేకుకి మాత్రం కాదు.

వ్యాఖ్యాత: రేకుకి ఎందుకొద్దు?

మెకానిక్: ఈయన కారులో ఇంధనం ట్యాంకు వెనక సీటు వెనకాలే నిలబడి ఉంటుంది. డిక్కీలో ముందువైపు కనబడే ప్యానెల్ వెనకాల ఉన్నది అదే. పొడుగు స్క్రూ అక్కడ దిగితే ఇంకేం కావాలి! పక్కలకేమో లైట్ల వైర్లు, ట్యాంకులోకి పోయే గొట్టం. కంపెనీ క్లిప్పు ఎందుకు పెట్టిందంటే, విప్పి చూసుకోవడానికి. తప్పనిసరై ఎక్కడైనా డ్రిల్ చేయాల్సి వస్తే అవతల ఏముందో చేత్తో తడిమి చూసి, బిట్‌కి టేప్ చుట్టి, ఆ టేప్ దాకా మాత్రమే దించండి.

మొదటి శ్రోత: అర్థమైంది సార్.

మెకానిక్: ఇంకొక్క సంగతి. బిగించే ముందు అట్ట వెనకవైపు, అంచులకీ, రంధ్రాల లోపలికీ వార్నిష్ రెండు పూతలు వేయండి. ముందువైపు రెగ్జిన్ ఉందని నమ్ముకోవద్దు. అట్ట నీళ్ళు తాగేది అంచు నుంచే. ఒక పూట డిక్కీలోనే వదులుగా పెట్టి ఉంచి, ఆనుకుంటోందా లేదా చూసి, రుద్దాల్సింది అప్పుడు ఉప్పుకాగితంతో రుద్దండి. మూత కూడా నెమ్మదిగా వేసి చూడండి. మూత హింజీల వంకీలు కిందికి దిగేటప్పుడు ప్యానెల్‌కి తగలకూడదు.

వ్యాఖ్యాత: థ్యాంక్యూ అండీ. మరో కాల్. చెప్పండమ్మా.

రెండో శ్రోత: నమస్తే. మాది 1966 మస్టాంగ్ కూపే. డిక్కీ అడుగున ప్లైవుడ్ వేసి, స్క్రూలు కొట్టి, దాని మీద కార్పెట్ అతికిద్దామని. ఎంత మందం వేయొచ్చు?

మెకానిక్: ఆగండమ్మా, స్క్రూలు కొట్టలేదు కదా?

రెండో శ్రోత: ఇంకా లేదండీ.

మెకానిక్: హమ్మయ్య. మీ కారులో డిక్కీ ఫ్లోర్ మధ్యలో కనబడే రేకు ఫ్లోర్ కాదు, పెట్రోల్ ట్యాంకు పైభాగం. 1970 దాకా వచ్చిన మస్టాంగుల్లో అంతే. మీరు సూట్‌కేసు పెట్టేది ట్యాంకు నెత్తి మీద. అక్కడ ఒక్క స్క్రూ కూడా వద్దు, బంక కూడా వద్దు, రేపు ట్యాంకు పైకి తీయాలి కదా. కార్పెట్ వదులుగా పరిచి ఉంచండి. పెట్రోల్ వాసన ఏమైనా వస్తోందా?

రెండో శ్రోత: ఎండలో పెడితే కొద్దిగా వస్తుందండీ.

మెకానిక్: అయితే ప్యానెల్ పని ఆపేసి, పెట్రోల్ పోసే గొట్టాన్ని ట్యాంకుకి కలిపే రబ్బరు హోస్ చూపించండి. అదీ డిక్కీలోపలే ఉంటుంది. సీటుకీ డిక్కీకీ మధ్య కూడా అడ్డు అంతంత మాత్రమే. వీలైతే అక్కడ రేకు పలక బిగించి, చుట్టూ సందులు మూయించండి.

వ్యాఖ్యాత: టైం అయిపోతోంది, ఒక చిన్న ప్రశ్న. హలో?

మూడో శ్రోత: సార్, డిక్కీ లోపల చక్రం మీది గుండ్రటి భాగానికి అతికించిన రెగ్జిన్ ఎండకి ఊడొస్తోంది.

మెకానిక్: ఏ బంక వాడారు?

మూడో శ్రోత: ఇంట్లో ఉన్నదే, తెల్లది.

మెకానిక్: ఎండలో కారు వేడికి అది ఆగదు తమ్ముడూ. వేడి తట్టుకునే కాంటాక్ట్ బంక తీసుకో. రెండువైపులా పూసి, డబ్బా మీద రాసినంతసేపు ఆగి, వేలికి అంటకుండా జిగురుగా ఉన్నప్పుడు అతికించు. ఒకసారి తగిలిందంటే జరపడానికి కుదరదు కాబట్టి మధ్య నుంచి అంచులకి నెమ్మదిగా నొక్కుకుంటూ పో. రెగ్జిన్‌ని హెయిర్ డ్రయర్‌తో కాస్త వేడిచేస్తే వంపుకి సాగుతుంది. అయితే బంక ఆవిరి మొత్తం పోకముందు డ్రయర్ పెట్టకు, అది మండేది. తలుపులన్నీ తీసి ఉంచు. బ్యాటరీ డిక్కీలోనే ఉందా?

మూడో శ్రోత: అవును సార్, అక్కడే ఉంది.

మెకానిక్: అయితే ముందు దాని వైరు విప్పు.