మనిషిని పోలిన బొమ్మ, మనిషి మెదడు: తిరుపతి స్టూడియోలో చర్చ

సమన్వయకర్త: ప్రేక్షకులకు తిరుపతి స్టూడియో నుంచి నమస్కారం. వార్తలు చదివే, పాఠాలు చెప్పే, కంప్యూటర్‌తో తయారైన కల్పిత మనుషులు తెరమీదికి వచ్చేశారు. డాక్టరుగారూ, మనుషులు కారని తెలిసి కూడా వారిలో కొందరిని చూస్తే ఆత్మీయత, కొందరిని చూస్తే జంకు ఎందుకు కలుగుతాయి?

నాడీ వైద్యుడు: ముఖాన్ని గుర్తించే పని మెదడులో మన ఇష్టాయిష్టాలతో సంబంధం లేకుండా జరిగిపోతుంది. మెదడు అడుగుభాగంలో, ముఖాలకు ప్రత్యేకంగా స్పందించే ఒక ప్రాంతాన్ని నాన్సీ కాన్విషర్ బృందం 1997లో వివరించింది. ముఖం కనిపించిన సుమారు 170 మిల్లీసెకన్లకే ఈఈజీలో, అంటే మెదడు విద్యుత్ సంకేతాలను నమోదు చేసే పరీక్షలో, ఒక ప్రత్యేక తరంగం కనిపిస్తుంది. గీసిన ముఖానికి కూడా అది వస్తుంది.

మనస్తత్వశాస్త్ర అధ్యాపకురాలు: ముఖమే అక్కర్లేదు. మనస్తత్వ పరిశోధకులు హైడర్, సిమ్మెల్ 1944లో త్రిభుజాలు, ఒక వృత్తం కదిలే చిన్న చిత్రాన్ని చూపిస్తే, చూసినవారిలో దాదాపు అందరూ అందులో తగాదాను, వెంటపడటాన్ని, భయాన్ని చదువుకున్నారు.

సమన్వయకర్త: మరి ఆ జంకు?

నాడీ వైద్యుడు: పోలిక పెరిగేకొద్దీ ఇష్టం పెరిగి, అచ్చం మనిషే అనిపించబోయే దశలో ఒక్కసారిగా పడిపోతుందని జపాన్ ఇంజనీరు మసాహిరో మోరి 1970లో రాశారు. అది కొలిచి గీసిన రేఖ కాదు, ఊహ మాత్రమే. ఈ సంగతి చాలామంది మరిచిపోతారు. అయితే ఆయీషే సైగిన్ బృందం 2012లో ప్రచురించిన పరిశోధనలో ఒక మనిషి కదలికలను, ఆ మనిషిని పోలిన రోబో కదలికలను, పైతొడుగు తీసేసి లోపలి యంత్రం కనిపించేలా ఉంచిన అదే రోబో కదలికలను చూపించి మెదడును స్కాన్ చేశారు. మనిషి మనిషిలా కదిలినప్పుడు, యంత్రం యంత్రంలా కదిలినప్పుడు మెదడుకు పేచీ లేదు. మనిషి రూపం యంత్రంలా కదిలినప్పుడే పార్శ్వ భాగాలలో స్పందన ప్రస్ఫుటంగా మారింది. రూపాన్ని బట్టి కదలికను ముందే అంచనా వేసుకున్న మెదడుకు ఆ అంచనా తప్పడమే ఇందుకు కారణమని వారు వివరించారు.

యానిమేషన్ కళాకారుడు: మా గంగమ్మ జాతరలో వేషం కట్టినవారి ముఖాలకు ఎంత రంగు పూసినా, నడకా చూపూ మనిషివే గనుక పిల్లలు వెంటబడి పోతారు. మా పనిలో చిక్కంతా అక్కడే వస్తుంది. చర్మం మీది రంధ్రాలు కూడా కనిపించేలా చేసిన పాత్ర "అమ్మా" అన్నప్పుడు పెదవులు కలవకపోతే, పడిన శ్రమంతా వృథా.

సమన్వయకర్త: బొమ్మే కదా అని తెలిసినవారి మీద దాని ప్రభావం తగ్గదా?

అధ్యాపకురాలు: శరీరం అంత సులభంగా వినదు. మెల్ స్లేటర్ బృందం 2006లో, తెరమీది కల్పిత స్త్రీ తప్పు జవాబు చెప్పినప్పుడల్లా ఆమెకు విద్యుత్ షాకు ఇవ్వమని 34 మందిని కోరింది. ఆమె నిజం కాదని అందరికీ తెలుసు. అయినా ఆమెను చూస్తూ, వింటూ ఆ పని చేసినవారిలో ఒత్తిడి లక్షణాలు కనిపించాయి. అక్షరాల ద్వారా మాత్రమే ఆమెతో వ్యవహరించినవారిలో అంతగా లేవు.

సమన్వయకర్త: ఆసుపత్రిలో రోగులకు దారి చూపే పాత్రను తయారుచేయమంటే మీరేం చేస్తారు?

కళాకారుడు: అచ్చం మనిషిలా చేయను. బొమ్మ అని చూడగానే తెలిసే ముఖం పెట్టి, ఉన్న బడ్జెట్టును కనురెప్పలకూ పెదవులకూ ఖర్చు పెడతాను.

నాడీ వైద్యుడు: జవాబు ఆలస్యం కాకుండా కూడా చూడండి. ప్రశ్న విన్నాక కదలకుండా తేరిపార చూసే ముఖం నా రోగులను ఇంకా కంగారు పెడుతుంది.