బుల్‌విప్ కొత్తగా పట్టుకునేవాళ్ళకి: ఆరడుగుల నైలాన్ కొరడా, ఆరు నెలల తర్వాత

నమస్కారం అండీ. ముందు వాల్యూమ్ కాస్త తగ్గించుకోండి, ఇయర్‌ఫోన్స్ పెట్టుకున్నవాళ్ళయితే మరీను. తగ్గించారా? సరే.

ఛెళ్!

ఇది కొరడా నేలకి తగిలితే వచ్చిన చప్పుడు కాదు. దేనికీ తగల్లేదు. చివరనున్న కుచ్చు గాల్లో ధ్వని కంటే వేగంగా వెళ్ళింది, అంటే సెకనుకి సుమారు 343 మీటర్లు దాటింది, అందుకే పేలింది. ఫైటర్ జెట్లు చేసే సోనిక్ బూమ్ ఉంది చూశారా, అదే ఇది, చిన్న సైజులో. ఈ సంగతి మొదట్లోనే ఎందుకు చెప్తున్నానంటే, అంత వేగంతో పోయే దారం ముక్క మీ చేతికి పది అడుగుల లోపే ఉంటుంది, మీ మొహం కూడా ఆ పది అడుగుల లోపే ఉంటుంది.

ఇదిగో ఈ కళ్ళజోడు చూడండి, కెమెరాకి దగ్గరగా పెడతాను. కుడి అద్దం మీద, లైట్ పడితే కనిపిస్తుంది, బియ్యపు గింజంత గీత. నేర్చుకోవడం మొదలుపెట్టిన నాలుగో రోజున పడింది. ఆ రోజు చెమట పడుతోందని ఒకసారి తీసి జేబులో పెట్టుకున్నాను, ఎందుకో మనసొప్పక మళ్ళీ పెట్టుకున్నాను, అంతే తేడా. కాబట్టి ఈ వీడియోలో కొరడాకి ఎన్ని మార్కులు వేసినా, మొదటి మార్కు ఈ కళ్ళజోడుకే. మామూలు చలువ కళ్ళద్దాలు కాదు, పక్కల నుంచి కూడా కప్పేసే సేఫ్టీ గ్లాసెస్. వాటితో పాటు వెడల్పు అంచున్న టోపీ, పొడుగు చేతుల మందపాటి చొక్కా, ఫుల్ ప్యాంటు, చెవుల్లో ఫోమ్ ప్లగ్స్. టోపీ స్టైల్‌కి అనుకునేవాణ్ణి. ఒకసారి చెవి తమ్మె మీద తగిలాక అర్థమైంది, టోపీ అంచు ఎందుకు కనిపెట్టారో.

ఇక కొరడా. నేను మొదట కొన్నది ఇది కాదు. షోకేస్‌లో పెట్టుకునే రకం ఒకటి కొన్నాను, పేరు చెప్పను గానీ, చూడ్డానికి నల్లగా నిగనిగలాడుతూ బాగుంటుంది. పిడి దగ్గర ఎంత లావుందో చివర కూడా దాదాపు అంతే లావు. రెండు వారాలు భుజం పడిపోయేలా తిప్పాను, ఒక్కసారి పేలలేదు. తప్పు నాదే అనుకుని ఇంకా గట్టిగా తిప్పాను. తప్పు నాది కాదు. కొరడాకి ప్రాణం దాని సన్నబడటంలో ఉంది. జడ అల్లినట్టే, మొదట్లో లావుగా మొదలై చివరికొచ్చేసరికి తోకలా సన్నబడిపోవాలి. చేతి దగ్గర మొదలైన ఒంపు అలా పరిగెత్తుకుంటూ సన్నటి వైపు వెళ్ళేకొద్దీ వేగం పెరుగుతుంది. 2002లో అరిజోనా యూనివర్సిటీకి చెందిన గోరియెలీ, మెక్‌మిలన్ అనే ఇద్దరు గణితం వాళ్ళు లెక్కగట్టి చెప్పింది ఇదే, చప్పుడు పుట్టించేది ఆ పరిగెత్తే ఒంపేనని. అంటే మీ బలం కాదు. ఈ ఒక్క విషయం నాకు రెండు వారాల ముందు తెలిసుంటే భుజానికి కాపడం పెట్టుకునే పని ఉండేది కాదు.

ఇప్పుడు చేతిలో ఉన్నది ఆరడుగుల నైలాన్ బుల్‌విప్, పారాకార్డ్‌తో, అంటే పారాచూట్లకి వాడే రకం సన్నటి నైలాన్ తాడుతో అల్లింది, 12 పాయలు. ఆరడుగులు అంటే ఏం కొలుస్తారో చాలామందికి తెలీదు. పిడి మొదలు నుంచి అల్లిక అయిపోయే చోటు దాకా మాత్రమే ఆ లెక్క. దాని తర్వాత ఒంటి పోగుగా వేలాడుతుందే, దీన్ని ఫాల్ అంటారు, నా దానికి రెండడుగుల పైన ఉంది, దాని చివర ఈ దారపు కుచ్చు, క్రాకర్, జానెడు. మొత్తం కలిపితే దగ్గర దగ్గర తొమ్మిది అడుగులు, మీ చెయ్యి కూడా కలపండి. అందుకే నేను నిలబడ్డ చోటు నుంచి అన్ని వైపులా పదిహేను అడుగులు ఖాళీ చూసుకుంటాను, పైన కూడా. కొమ్మకి చుట్టుకుంటే గుంజకండి. వదిలిన రబ్బరు బ్యాండులా నేరుగా మీ వైపే వస్తుంది. దగ్గరికి నడిచి వెళ్ళి చేత్తో విప్పుకోండి, పరువేం పోదు.

ఆరడుగులే ఎందుకు అంటే, నాలుగడుగులది చూడ్డానికి బుజ్జిగా, సేఫ్‌గా అనిపిస్తుంది గానీ అది మహా చురుకు, ఆలోచించుకునే టైమ్ ఇవ్వదు, పైగా కొస మీకు మరీ దగ్గరగా తిరుగుతుంది. పదడుగులదేమో బరువు, చెయ్యి తొందరగా అలిసిపోతుంది, అలిసిన చెయ్యే తప్పు చేస్తుంది. ఆరు నుంచి ఎనిమిది మధ్యలో ఏదైనా పర్లేదు.

నైలాన్ మంచిదా తోలు మంచిదా అని అడుగుతారు, తెలుసు. ఒక ఫ్రెండ్ దగ్గర కంగారూ తోలుది పట్టుకుని చూశాను. కంగారూ తోలు పల్చగా ఉన్నా చాలా గట్టిది, అందుకే దాన్ని సన్నటి పాయలుగా కోసి నున్నగా అల్లగలుగుతారు. చేతిలో ఆ జారుడు, ఆ బరువు... నిజం చెప్పాలంటే నైలాన్‌కి రాదు. గాలి కొంచెం గట్టిగా వీచినా నైలాన్ తేలిపోతుంది. కానీ తోలుకి తడి పనికిరాదు, అప్పుడప్పుడూ కండిషనర్ పట్టించాలి, కొత్తదైతే బిరుసు పోయేదాకా మెల్లగా మచ్చిక చేసుకోవాలి. నైలాన్‌కి ఇవేవీ లేవు, మట్టి అయితే కడిగి ఆరేయొచ్చు. నేర్చుకునేటప్పుడు వందసార్లు నేలకేసి కొడతాం కదా, ఆ దెబ్బలు తినడానికి ఇదే నయం. లోపల బరువుకి చిన్న లోహపు గుళ్ళు వేసి అల్లారా లేదా అని మాత్రం కనుక్కోండి, బరువు లేని నైలాన్ ఉత్త తాడు.

సరే, ఎలా తిప్పాలి. మొదటి నెలంతా ఒక్కటే చేయండి, సర్కస్ క్రాక్ అంటారు. రెండు రైలు పట్టాలు ఊహించుకోండి. ఒక పట్టా మీద మీరు, రెండో పట్టా మీద కొరడా. కొరడా ఎప్పుడూ తన పట్టా దాటి మీ పట్టా మీదికి రాకూడదు. మనం ముందుగా భయపడాల్సిన తప్పు ఇదే. కొరడాని మీ ముందు, కుడి పక్కగా తిన్నగా పరవండి. చేతిని మెల్లగా, బక్కెట్లో నీళ్ళు తొణక్కుండా లేపినట్టు, పైకి లేపండి. కొరడా మొత్తం నేల వదిలి, మీ భుజం పక్కనుంచి పైకి లేచి, వెనక్కి పడబోతుందనగా చేతిని ముందుకు దించండి. ఎదురుగా ఉన్న మనిషికి ఏదో చూపిస్తున్నట్టు చెయ్యి చాచి అక్కడ ఆపండి. మనిషి అని ఉత్తినే అన్నాను, నిజంగా ఎదురుగా ఎవర్నీ నిలబెట్టకండి.

ఆపండి అన్నాను కదా, అక్కడే అందరూ చెడగొట్టుకుంటారు. చప్పుడు రావాలని చివర్లో చెయ్యి వెనక్కి లాగుతారు. నా కళ్ళజోడు మీద గీత పడింది సరిగ్గా అలాగే. చేతిని లాగితే కుచ్చు కూడా చేతి వెనకే వస్తుంది, చెయ్యి ఎక్కడుంది, మీ మొహం ముందుంది. పేలకపోతే పేలకపోయింది, చెయ్యి ముందుకే ఉంచండి. పట్టు కూడా వదులుగానే, పిట్టని పట్టుకున్నట్టు. పిడి వెనక వేలాడే ఉంగరం లాంటిది ఉందే, అది గోడకి తగిలించడానికి. మణికట్టుకి తగిలించుకోకండి, ఎక్కడైనా చిక్కుకుంటే వదిలేసే వీలుండాలి.

ఎప్పుడైనా దారి తప్పింది అనిపిస్తే, మీకు ఆ అరక్షణంలో తెలిసిపోతుంది, కళ్ళు మూసుకుని మొహం పక్కకి తిప్పేయండి. పట్టుకుందామని రెండో చెయ్యి పెట్టకండి. నేను పెట్టాను. మోచేతి కింద వాత తేలింది, రెండు రోజులు స్నానం చేసేటప్పుడల్లా చురుక్కుమనేది.

గడ్డి నేల మీద ప్రాక్టీస్ చేయండి. సిమెంటు మీద ఫాల్, క్రాకర్ ఇట్టే అరిగిపోతాయి, గులకరాళ్ళ మీదైతే రాళ్ళు ఎగురుతాయి. పదిహేను నిమిషాలు చాలు రోజుకి. అరగంట చేసిన రోజుల్లోనే నాకు దెబ్బలన్నీ తగిలాయి, లెక్క చూసుకుంటే.

క్రాకర్ సంగతి ఒకటి మిగిలింది. దగ్గరగా చూడండి, ఇది కొత్తది, చివర పీచు చిన్నగా, బిగుతుగా ఉంది. ఇది వారం వాడింది, పత్తి విరిసినట్టు విచ్చుకుపోయింది, చప్పుడు కూడా మొద్దుబారుతుంది. అరిగిపోయే వస్తువే ఇది, నైలాన్ దారం పురిపెట్టి మీరే చేసుకోవచ్చు, కాబట్టి దాచుకుంటూ కూర్చోకండి. కుచ్చు ఊడిపోయాక మాత్రం తిప్పొద్దు, దెబ్బంతా ఫాల్ మీద పడి చివర చీలిపోతుంది. ప్రతిసారీ మొదలుపెట్టే ముందు ఈ ముడులు రెండూ ఒకసారి లాగి చూసుకుంటాను, ఫాల్ అల్లికకి కలిసే చోట, క్రాకర్ ఫాల్‌కి కలిసే చోట.

మార్కులు అడిగితే, ఈ నైలాన్ కొరడాకి పదికి ఏడున్నర. గాలికి ఒక మార్కు పోయింది, పిడి చెమటకి జారుతుంది, అక్కడ ఒకటి, ఫాల్ మొదట్లో వంకరగా ఉండి నెల రోజులు విసిగించింది, దానికి అర. పేపర్ కోయడం, సీసా మూతలు ఎగరగొట్టడం లాంటివి చూపించమని అడుగుతున్నారు, నాకింకా గురి రాలేదు, వచ్చాక స్టాండుకి పెట్టి కొడతాను, ఎవరి చేతికీ ఇచ్చి కాదు.

ఎడమ చేత్తో మొదలుపెట్టి వారం అవుతోంది. నిన్న ఎడమ చెవి వంతు వచ్చింది. టోపీ అంచు అక్కడ కొంచెం చిరిగింది, కనిపిస్తోందా? ఇక్కడ.