పాప మూత వేస్తోంది, కాస్త ఆగండి

అందరికీ నమస్కారం. వేదిక మీదున్న పెద్దలకు, పిల్లల్ని ఒళ్లో పెట్టుకుని కూర్చున్న అమ్మానాన్నలకు, అమ్మమ్మలకు, నానమ్మలకు, తాతయ్యలకు పేరుపేరునా నమస్కారం. బిడ్డ ఏడిస్తే బయటికి తీసుకెళ్లక్కర్లేదు, ఇక్కడే ఉండండి.

ఏడాది దాటిన పిల్లలకు ఇంట్లో వస్తువులతోనే ఏకాగ్రత పెంచే ఆటలు చెప్పమన్నారు. చాలానే రాసుకొచ్చాను. మొదటిది అన్నిటికంటే తేలిక. ఒక అట్టపెట్టె పైభాగంలో సన్నగా గాటు పెట్టండి. పెద్ద డబ్బాల ప్లాస్టిక్ మూతలు నాలుగైదు పాప ముందుంచండి. గాటులోంచి మూతలు లోపల పడేయడమే ఆట.

ఒక చిన్నపాప ఇది ఆడుతుంటే పక్కనే కూర్చుని చూశాను. మూతను అడ్డంగా ఆనించింది, దూరలేదు. అరచేత్తో గట్టిగా నొక్కింది, ఊహూఁ. మూతను ఓసారి నోట్లో పెట్టుకుని తీసి, దాన్నీ గాటునూ మార్చి మార్చి చూసింది. మణికట్టు కొంచెం తిరిగింది. మూత నిలువుగా అయి, జారి, లోపల టప్పున పడింది. పాప పెట్టెకు చెవి ఆనించింది. రెండో మూత అందుకుంది. అంతలో అక్కడున్న బంధువొకాయన "అలా కాదమ్మా, ఇలా" అంటూ మూత తీసేసుకుని, తనే వేసి, చప్పట్లు కొట్టారు. పాప ఆయన ముఖం కేసి చూసి, లేచి వెళ్లిపోయింది. మళ్లీ ఎంత పిలిచినా రాలేదు.

నా కడుపు మండేది ఇక్కడే. ఏకాగ్రత కుదరడం లేదని మనమే అంటాం, కుదిరిన క్షణాన దాన్ని మనమే చెడగొడతాం! ఆయనది ప్రేమే, కాదనను. కానీ పాప చేతిలోని పని పోయింది కదా.

ఇటలీకి చెందిన వైద్యురాలు, విద్యావేత్త మరియా మాంటిస్సోరి 1907లో రోమ్‌లోని శాన్ లొరెంజో అనే పేటలో పిల్లల కోసం బడి తెరిచారు. అక్కడ మూడేళ్ల పాప ఒకతి చెక్క దిమ్మెలోని గుంటల్లో వాటికి సరిపడే కొయ్య ముక్కలు పెడుతూ, తీస్తూ కూర్చుంది. మాంటిస్సోరి మిగతా పిల్లలతో పాటలు పాడించారు, పాప తలెత్తలేదు. కుర్చీతో సహా ఎత్తి బల్ల మీద కూర్చోబెట్టారు. దిమ్మెను ఒళ్లోకి లాక్కుని పాప మళ్లీ అదే పని. నలభైసార్లకు పైగా చేసి, తనంతట తనే ఆపి, నవ్వుతూ లేచింది. ఎవరూ చాలించమనలేదు, మెచ్చుకోనూ లేదు.

వెనక వరసలో నాన్నలూ, మీకూ చెబుతున్నాను. మధ్యలో "శభాష్" కూడా వద్దు. పని అయ్యాక పాప మీవైపు చూస్తుంది, అప్పుడు నవ్వండి.

మిగతా ఆటలు గబగబా చెప్పేస్తాను. కింద తువ్వాలు పరిచి, ఒక చిన్న గ్లాసులోంచి ఇంకో గ్లాసులోకి నీళ్లు పోయనివ్వండి. ఒలికితే స్పాంజితో తుడవడం ఇంకో ఆట. నేలకు అంటించిన టేపు ముక్కల్ని గోటితో పీకనివ్వండి, పీకిన ముక్క మాత్రం వెంటనే మీరు తీసుకోండి. రెండేళ్లు దాటితే డబ్బా అంచుకు బట్టల క్లిప్పులు పెట్టించండి. అన్నీ ఒకేసారి గుమ్మరించకండి. అమెరికాలోని టొలీడో విశ్వవిద్యాలయం వాళ్ల అధ్యయనం 2018లో వచ్చింది. అందులో 16 బొమ్మలున్నప్పటి కంటే 4 ఉన్నప్పుడే పిల్లలు ఒక్కోదానితో ఎక్కువసేపు, రకరకాలుగా ఆడారు.

ఇది మాత్రం రాసుకోండి. టిష్యూ రోల్ గొట్టంలో పట్టే వస్తువేదైనా గొంతుకు అడ్డం పడొచ్చు, ఈ వయసు వాళ్లకు ఇవ్వకూడదు. నీళ్ల ఆటలో ఫోన్ మోగినా పక్కనుంచి కదలకండి, కొద్దిపాటి నీళ్లలోనూ పసిపిల్లలు మునిగిపోగలరు. ఆట అవగానే నీళ్లు పారబోయండి.

రెండు నిమిషాలకే వదిలేస్తోందని టెన్షన్ పడే అమ్మలు చాలామంది ఉన్నారు. ఈ వయసులో అది మామూలే. వెనక్కి లాక్కొచ్చి కూర్చోబెట్టకండి. పెట్టెను పాపకు అందే ఎత్తులో ఉంచండి. ఇక మీ ప్రశ్నలు అడగండి, ముందు ఆ వెనక చెయ్యెత్తిన అమ్మగారు.