స్కూలుకి నాలుగు కిలోమీటర్లేనా? అయితే డీజిల్ ఎస్‌యూవీ కొనేముందు ఇది చూడండి

అందరికీ నమస్కారం. నా వెనక కనిపిస్తున్న బండి మాదే. ఏడు సీట్ల డీజిల్ ఎస్‌యూవీ, కొత్త కాలుష్య నిబంధనల ప్రకారం చేసిన బీఎస్6 ఇంజన్, 2020 చివర్లో కొన్నాం. ఇప్పుడు మీటర్ మీద 78,412 కిలోమీటర్లు. కంపెనీ పేరు కావాలనే చెప్పడం లేదు. 2020 ఏప్రిల్ 1న బీఎస్6 వచ్చాక మన దగ్గర అమ్ముతున్న డీజిల్ కార్లలో ఏది కొన్నా, పొగలోని మసిని పట్టే ఫిల్టర్ గురించి ఈ విషయం తెలిసి ఉండాలి.

ఇంట్లో ఆరుగురం. నేను, మా ఆవిడ, ఇద్దరు పిల్లలు, అమ్మ, నాన్న. సంక్రాంతికి, దసరాకి హైదరాబాద్ నుంచి విజయవాడ దాటి మా ఊరు వెళ్లాలి. హైవే మీద లీటరుకి 15 వస్తుంది కదా అని డీజిల్ తీసుకున్నాం. ఆ ప్రయాణాల్లో ఈ బండి మమ్మల్ని ఒక్కసారి కూడా ఇబ్బంది పెట్టలేదు. పండగ రద్దీలో పంతంగి టోల్ దగ్గర ఏసీ వేసుకుని గంటసేపు పాకినా సరే.

కానీ మిగతా రోజుల సంగతేంటి? కూకట్‌పల్లిలో ఇంటి నుంచి స్కూలుకి నాలుగు కిలోమీటర్లు. దింపి రావడం, మళ్లీ తీసుకురావడం. ఇంజన్ సరిగ్గా వేడెక్కేలోపే ఆపేయడం.

రెండో ఏడాది ఒకరోజు డ్యాష్‌బోర్డు మీద ఆరెంజ్ రంగు గుర్తు వెలిగింది. డబ్బా లోపల చుక్కలు పెట్టినట్టు ఉంటుంది. అది డీపీఎఫ్ లైటు. డీజిల్ మండినప్పుడు వచ్చే మసిని గాలిలోకి పోనివ్వకుండా పట్టేసే ఫిల్టర్ అది, సైలెన్సర్ దారిలో ఉంటుంది. పట్టిన మసిని బండి ఎప్పటికప్పుడు లోపలే కాల్చేసుకోవాలి. దానికి దాదాపు 600 డిగ్రీల వేడి కావాలి. ఆ వేడి కోసం ఇంజన్ కొంచెం ఎక్కువ డీజిల్ చిమ్ముతుంది. ఓ 15, 20 నిమిషాలు నిలకడైన వేగంతో నడిస్తే పని అయిపోతుంది. మా బండికి ఆ 20 నిమిషాలు ఎప్పుడూ దొరకలేదు. కాల్చడం మొదలయ్యేసరికి స్కూలు గేటు వచ్చేసేది, ఇంజన్ ఆపేసేవాణ్ని.

కెమెరా కొంచెం దగ్గరికి. ఇది డిప్‌స్టిక్, ఇంజన్ ఆయిల్ ఎంత ఉందో చూసే కడ్డీ. గుడ్డతో తుడిచి, మళ్లీ లోపలికి పెట్టి తీస్తే ఆయిల్ ఈ రెండు గీతల మధ్య ఉండాలి. ఆ రోజు పై గీత దాటి వేలెడు పైకి ఉంది. ఆయిల్ తగ్గడం చూశాం గానీ పెరగడమేంటి? ముక్కు దగ్గర పెట్టుకుంటే డీజిల్ వాసన! కాల్చడం సగంలో ఆగిన ప్రతిసారీ, మండని డీజిల్ సిలిండర్ గోడల వెంట దిగి ఆయిల్‌లో కలుస్తోంది. ఆయిల్ పలచబడితే టర్బో, బేరింగులు దెబ్బతింటాయి. నాకు నిజంగా భయమేసింది.

ఒక సర్వీస్ సెంటర్‌లో స్కానర్ కూడా పెట్టకుండానే ఫిల్టర్ మార్చాలి, లక్ష దాటుతుంది అన్నారు. రాత్రంతా టెన్షన్. పొద్దున్నే మా వీధిలో మెకానిక్ దగ్గరికి వెళ్తే ఆయన స్కాన్ చేసి, "అన్నా, మసి నిండింది గానీ ఫిల్టర్ బాగుంది. ముందు ఆయిల్ మార్చేద్దాం, తర్వాత ఓఆర్ఆర్ ఎక్కించు" అన్నాడు. అలాగే చేశాను. గచ్చిబౌలి దగ్గర ఔటర్ రింగ్ రోడ్డు ఎక్కి, నాలుగో గేరులో 80 మీద, 2,000 ఆర్‌పీఎం తగ్గకుండా పోనిచ్చాను. శంషాబాద్ వచ్చేలోపే లైటు ఆరిపోయింది.

అప్పట్నుంచి రెండు వారాలకోసారి ఆదివారం పొద్దున్న అదే రూటు. ఒక గుర్తు చెప్తాను, రాసిపెట్టుకోండి. బండి ఆగి ఉన్నప్పుడు 800 దగ్గర ఉండాల్సిన ఆర్‌పీఎం 1,000 చూపిస్తున్నా, ఫ్యాన్ గట్టిగా తిరుగుతున్నా, లోపల మసి కాలుతోందని అనుకోవచ్చు. అప్పుడు ఇంటి ముందుకి వచ్చినా ఆపకండి, ఇంకో రౌండు వేసి రండి. ఆయిల్ కూడా మాన్యువల్‌లో రాసిన గ్రేడే పోయించండి. మాకు సీ3 రకం, బూడిద తక్కువ మిగిల్చేది. ఏదో ఒకటి పోస్తే ఆ బూడిద ఫిల్టర్లోనే చేరుతుంది, దాన్ని ఎంత వేగంగా నడిపినా కాల్చలేం.

టైర్లు 46,000 దగ్గర మార్చాం. కొత్తవి కొనేటప్పుడు టైరు పక్కభాగం మీద తయారీ తేదీ చెప్పే నాలుగు అంకెలు చూడండి. 2324 అని ఉంటే 2024లో 23వ వారం తయారైనట్టు. బ్యాటరీ నాలుగో ఏడాది పోయింది, అది మామూలే.

రోజూ తిరిగేది పది కిలోమీటర్ల లోపే అయితే మాత్రం పెట్రోల్ తీసుకోండి. హైవే మైలేజీ చూసి మేము చేసిన లెక్క చేయకండి.

ఇంకొకటి, ఇది ఏ రివ్యూలోనూ చూడలేదు. ఈ డిక్కీలో చెక్క పీట కనిపిస్తోందా? అది అమ్మ కోసం. కొన్నప్పుడు ఆవిడ గబగబా ఎక్కేది. ఇప్పుడు మోకాళ్ల నొప్పులు, ఈ ఎత్తుకి కాలు లేవడం లేదు. ముందు పీట వేస్తాను, దాని మీద కాలు పెట్టి, ఈ హ్యాండిల్ పట్టుకుని ఎక్కుతుంది. చివరి వరుసలోకైతే పెద్దవాళ్లు వెళ్లలేరు, అది పిల్లలదే. ఆ సీట్లు లేపితే డిక్కీలో రెండు చిన్న బ్యాగులే పడతాయి. ఊరి నుంచి తెచ్చే బియ్యం బస్తా మా కాళ్ల దగ్గరే. షోరూంకి వెళ్లేటప్పుడు ఇంట్లో పెద్దవాళ్లని కూడా తీసుకెళ్లండి. టెస్ట్ డ్రైవ్‌కి ముందు వాళ్లనే ఒకసారి ఎక్కి దిగమనండి.