తీసినవాళ్ళు తీశారు, చూసే చోటేదీ?

(ఒడిశాలోని బరంపురంలో ఇండిపెండెంట్ సినిమాల సాయంత్రం, ప్రారంభ ప్రసంగం)

అందరికీ నమస్కారం. ఫ్యాన్లు ఆపమన్నది నేనే, కాసేపు ఓర్చుకోండి. ఇది మీటింగులకీ పెళ్ళిళ్ళకీ కట్టిన హాలు. గోడలు నున్నగా ఉన్నాయి, మాట గోడకి తగిలి మళ్ళీ వెనక్కి వస్తుంది. అందుకే కుర్రాళ్ళు పొద్దున్నుంచి పక్క గోడలకి షామియానా గుడ్డలూ ఇంట్లోంచి తెచ్చిన దుప్పట్లూ కట్టారు. పాటలకీ ఫైట్లకీ ఈ బాధ లేదు. ఇవాళ్టి సినిమాల్లో మాత్రం మనుషులు ఇంట్లో మాట్లాడుకున్నట్టు మాట్లాడతారు, మధ్యలో ఊరుకుంటారు కూడా. అది వినపడకపోతే సినిమా సగం పోయినట్టే.

ఇండిపెండెంట్ సినిమా, అంటే పెద్ద కంపెనీల అండ లేకుండా సొంతంగా తీసుకునే సినిమా, అనగానే మనం తీసినవాళ్ళ కష్టాలు చెప్పుకుంటాం. అప్పులు చేశాడు, ఇంట్లో బంగారం తాకట్టు పెట్టాడు, ఉద్యోగం మానేశాడు... అవన్నీ నిజాలే. కానీ ఇవాళ కరువు కెమెరాకి కాదు, చూపించే చోటుకి. ఈ సాయంత్రం నేను చెప్పదలుచుకున్నది ఇదొక్కటే.

కెమెరా సంగతి రీమా దాస్ తేల్చేశారు. అస్సాంలో తన సొంత ఊరు ఛాయ్‌గావ్‌లో, ఆ ఊరి పిల్లలతోనే ‘విలేజ్ రాక్‌స్టార్స్’ తీశారు. దర్శకత్వం, కెమెరా, ఎడిటింగ్ అన్నీ ఆవిడే. ఆ సినిమాకి ఉత్తమ చిత్రంగా జాతీయ అవార్డు వచ్చింది, మన దేశం తరఫున ఆస్కార్‌కీ వెళ్ళింది. ఇక పెద్ద యూనిట్ లేదు కాబట్టి సినిమా తీయలేకపోయాననే సాకు ఎవరికీ మిగల్లేదు.

మరి చూపించడం? మన తెలుగులోనే చూడండి. 2018లో వచ్చిన ‘కేరాఫ్ కంచరపాలెం’లో చాలామంది విశాఖ కంచరపాలెం మనుషులే, అంతకు ముందు నటించినవాళ్ళు కారు. వెంకటేష్ మహా తీశారు. ఇక్కడ మన ఇళ్ళల్లోనూ అందరూ చూశారు, మాట్లాడుకున్నారు. కానీ అది హాళ్ళదాకా వచ్చిందంటే రానా దగ్గుబాటి లాంటి పేరున్న మనిషి వెనక నిలబడ్డారు కాబట్టి. సినిమా బాగుండటం ఒక ఎత్తు, హాలుకి చేరడం ఇంకో ఎత్తు. రీళ్ళు పోయాయి, డిజిటల్ వచ్చింది, ఖర్చు తగ్గుతుందని సంబరపడ్డాం. తీరా చూస్తే డిజిటల్ ప్రొజెక్షన్ ఇచ్చే కంపెనీలకి నిర్మాత ఛార్జీలు కట్టాలి. అదే 2018 మార్చిలో ఈ ఛార్జీల గొడవ మీదే దక్షిణాది నిర్మాతలు కొత్త సినిమాల విడుదల ఆపేశారు. కోట్లు పెట్టేవాళ్ళకే బరువైనప్పుడు, చిట్టీ పాడి షార్ట్ ఫిల్మ్ తీసిన పిల్లాడి గతేమిటి?

దీనికి కేరళవాళ్ళు ఎప్పుడో ఒక దారి చూశారు. మలయాళ దర్శకుడు జాన్ అబ్రహాం (హిందీ హీరో కాదు), ఆయన స్నేహితులు కలిసి ఒడెస్సా అనే బృందం పెట్టారు. ఊరూరా తిరిగి సినిమాలు వేసి, జనం దగ్గర చందాలు పోగుచేసి, 1986లో ‘అమ్మ అరియాన్’ తీశారు. తీశాక మళ్ళీ ఊరూరా తిప్పి చూపించారు. అంటే చూసేవాళ్ళే ముందు, సినిమా తర్వాత. ఆ సినిమా అందరికీ నచ్చాలని లేదు, నాకే కొన్ని చోట్ల విసుగొచ్చింది. కానీ ఆ పద్ధతి చూస్తే మాత్రం ఈర్ష్య కలుగుతుంది.

మన ఊరి సంగతికి వద్దాం. 1936లో ఒడిశా వేరే రాష్ట్రం అయ్యేవరకూ ఇదంతా మద్రాసు ప్రెసిడెన్సీ. గీత మారింది గానీ సినిమా అలవాటు మారలేదు. తెలుగు పెద్ద సినిమా విశాఖలో ఆడిందంటే ఇక్కడా దిగుతుంది, ఒడియా పెద్ద సినిమా కటక్ నుంచి వస్తుంది. రానివి రెండువైపులా చిన్నవే. హైదరాబాద్‌వాళ్ళ లెక్కలో మనం ఒడిశా, భువనేశ్వర్‌వాళ్ళ లెక్కలో మనం సగం ఆంధ్రా. మనలాగే సరిహద్దులో ఉన్న పర్లాకిమిడి, గుణుపురం, రాయగడ వాళ్ళని అడగండి, ఇంకా ఘాటుగా చెప్తారు. నీరద్ మహాపాత్ర 1984లో ‘మాయా మిరిగ’ తీశారు, పూరీలో ఒక ఉమ్మడి కుటుంబం చెదిరిపోవడం గురించి. రిటైరైన హెడ్మాస్టరు, కొడుకులు, కోడళ్ళు, ఒక ఇల్లు. మన ఇళ్ళలో కథే అది. పాత సినిమాల్ని కాపాడే ఫిల్మ్ హెరిటేజ్ ఫౌండేషన్ దాన్ని బాగుచేయించాక 2024లో ఇటలీలో బొలోన్యా సినిమా పండుగలో వేశారు. పూరీ కథకి బొలోన్యాలో కుర్చీ దొరికింది, సంతోషమే. పూరీ నుంచి ఇక్కడికి రైల్లో ఒక్క పూట దారి.

ఇవాళ మొదట వేసేది మన నేత వీధుల పిల్లలు తీసిన షార్ట్ ఫిల్మ్. కథంతా చెప్పేయను, ఒక్క ముక్క మాత్రం. అమ్మ మగ్గం మీద ఉంటుంది, నాడె అటూ ఇటూ ఆడుతుంటుంది. కొడుకుతో తెలుగు. ఫోన్ మోగుతుంది, షావుకారుతో ఒడియా. మగ్గం ఆపుతుంది, వింటుంది, ఫోన్ పెట్టేస్తుంది. చీరకి రేటు తగ్గించాడని ఎవరూ చెప్పరు. మగ్గం మళ్ళీ మొదలవడానికి ఎంతసేపు పడుతుందో చూడండి, అదే చెప్తుంది. ఆ సౌండ్ కోసం పిల్లలు పడ్డ పాట్లు నాకు తెలుసు. మగ్గం ఆపి మాటలు ఒకసారి, మాటలు లేకుండా మగ్గం ఒకసారి రికార్డు చేసి తర్వాత కలిపారు. గోడలకి దుప్పట్లు కట్టింది ఆ నాలుగు క్షణాల కోసమే అనుకోండి. బయటి ఫెస్టివల్స్‌కి పంపాలంటే ఇంగ్లీషు సబ్‌టైటిల్స్ వేయాల్సిందే. ఇవాళ్టి కాపీలో లేవు. ఈ హాల్లో ఎవరికి కావాలి?

అలాగని ఇండిపెండెంట్ అన్న ముద్ర పడితే చాలు, మంచి సినిమా అయిపోదు. ఈ సాయంత్రానికి వచ్చిన వాటిలో చాలా పక్కన పెట్టేశాం. డ్రోన్ షాట్‌తో మొదలై, వయొలిన్‌తో ఏడిపించి, చివర్లో హీరో అప్పటికే చచ్చిపోయాడని చెప్పే సినిమాలు లెక్కలేనన్ని. ఇంకో జబ్బు ఏంటంటే, షార్ట్ ఫిల్మ్‌ని నిర్మాతకి చూపించే బయోడేటాలా తీయడం. పది నిమిషాల్లో ఫైటూ, ప్రేమా, కామెడీ అన్నీ వచ్చని నిరూపించుకోవాలన్న టెన్షన్ తెర మీద కనిపిస్తూనే ఉంటుంది. పది నిమిషాల్లో పట్టేదే చెప్పిన సినిమాలు ఇవాళ ఉన్నాయి, అందుకే ఎంచుకున్నాం.

టీ తర్వాత పూర్తి నిడివి సినిమా. దయచేసి టీ తాగి ఇంటికి వెళ్ళిపోకండి. మొదటి పావుగంట నెమ్మదిగా నడుస్తుంది, ముందే చెప్తున్నా. అయ్యాక దర్శకుడితో మాట్లాడొచ్చు. ‘ఈ సినిమా ద్వారా మీరిచ్చే సందేశం ఏమిటి’ అని మాత్రం అడగొద్దు. ఆ ప్రశ్నకి ప్రతి ఊళ్ళో జవాబు చెప్పీ చెప్పీ ఆయనకి నోరు నొప్పెట్టింది. ఆ తండ్రి తలుపు ఎందుకు వేసుకోలేదు, ఆ పిల్లని రెండో సగంలో ఎందుకు వదిలేశారు, అలాంటివి అడగండి. నచ్చకపోతే అదీ మొహం మీదే చెప్పండి. దర్శకుడు మూడో వరసలో చివరి కుర్చీలో ఉన్నాడు, రాత్రి రైలుకి విశాఖ వెళ్ళిపోతాడు, ఆలోపే పట్టుకోండి.